కరెంటు పోయినా ఆగరానివి ఏవి?
ఇల్లు కట్టేనాడే తేల్చుకోవాలి

విశాఖపట్నం: ఉత్తర కోస్తా ప్రజలకు తుపానులు కొత్త కాదు, కరెంటు లేని రాత్రులూ కొత్త కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ వద్ద తీరం దాటినప్పుడు నగరంలోని అనేక ప్రాంతాలు రోజుల తరబడి చీకటిలో మగ్గాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాపై విరుచుకుపడినప్పుడు ఉద్దానం పల్లెలదీ అదే దుస్థితి. హుద్‌హుద్ అనంతరం ప్రపంచబ్యాంకు సాయంతో విశాఖలో భూగర్భ కేబుళ్ళ పని చేపట్టారు. వీధిలో తీగెల సంగతి ప్రభుత్వం చూసుకుంటుంది. కాని మీటరు దాటి ఇంట్లోకి వచ్చిన తీగె బాధ్యత ఇంటి యజమానిదే. అసలు లోపం అక్కడే ఉంది.

మధ్యతరగతి ఇళ్ళలో ఇన్వర్టరు మామూలు వస్తువైంది. అయితే దానిని కొన్నంత శ్రద్ధ దాని వైరింగుపై కనబడటం లేదు. కట్టిన ఇంటికి తర్వాత ఇన్వర్టరు తగిలించేటప్పుడు అందుబాటులో ఉన్న లైటు లైను ఏదో ఒకటి దానికి కలిపేస్తారు. ఏ గదిలో ఏది వెలగాలి, ఏది వెలగకపోయినా ఫరవాలేదు అనే ప్రశ్న ఎవరూ వేయరు. దాంతో అవసరమైనవీ కానివీ ఒకే బ్యాటరీ మీద పడుతున్నాయి.

లెక్క చూస్తే తెలుస్తుంది

సాధారణంగా ఇళ్ళలో వాడే 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. నష్టాలు పోగా చేతికి వచ్చేది సుమారు 1,200. నాలుగు ఎల్.ఇ.డి. బల్బులు, రెండు పాత రకం ఫ్యాన్లు, సెల్‌ఫోన్ చార్జింగు కలిపితే 200 వాట్లు దాటవు. ఆ లెక్కన ఆరు గంటలు గడుస్తాయి.

అదే ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్‌పై ఆధారపడిన రోగి ఉంటే పరిస్థితి వేరు. 2021లో కరోనా రెండో దశ తరువాత ఈ యంత్రం పలువురి ఇళ్ళకు చేరింది. నిమిషానికి 5 లీటర్లు ఇచ్చే యంత్రం సుమారు 350 వాట్లు తీసుకుంటుంది. అదొక్కటే నడిస్తే బ్యాటరీ మూడు గంటలకు పైగా నిలుస్తుంది. పై ఫ్యాన్లు, లైట్లు కూడా కలిస్తే రెండు గంటలకే చేతులెత్తేస్తుంది. హాలులో టి.వి., పక్కగదిలో ఫ్యాను ఎవరికీ పట్టకుండా తిరుగుతూ ఉంటే, తగ్గేది రోగి గడువే. ఇటువంటి ఇంట్లో ఆ యంత్రానికి విడిగా బ్యాటరీ, దానికి తోడు నిండు సిలిండరు సిద్ధంగా ఉండవలసిందే.

ఫ్రిజ్ విషయం కొంత నయం. తలుపు తీయకుండా ఉంచితే దాదాపు నాలుగు గంటలు చల్లదనం నిలుస్తుంది. ఇన్సులిన్ వాడే ఇళ్ళలో దానిని మధ్య మధ్య గంటసేపు నడిపినా సరిపోతుంది. అయితే ఫ్రిజ్ మోటారు మొదలయ్యేటప్పుడు మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. చిన్న ఇన్వర్టరు దానికి తట్టుకోలేక ఆగిపోతుంది. ఇక గీజరు, ఎ.సి., నీళ్ళ మోటారు ఈ జాబితాలో చేరవు. తుపాను హెచ్చరిక రాగానే ట్యాంకు నింపుకోవటమే మోటారుకు ప్రత్యామ్నాయం.

వేరు లైను ఎలా?

మెయిన్ స్విచ్చి దాటిన తరువాత ఇంటి వైరింగును రెండు భాగాలు చేయాలి. ఒకటి సాధారణ లైను. రెండవది ఇన్వర్టరు గుండా వచ్చే అత్యవసర లైను. ఫ్రిజ్‌కు, రోగి పడక వద్ద ప్లగ్గుకు బోర్డు నుంచి విడివిడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగె, దేని ఎం.సి.బి. దానికి ఉండాలి. అప్పుడు వంటింట్లో మిక్సీ షార్టయినా రోగి యంత్రం ఆగదు. కరెంటు ఉన్న రోజుల్లోనూ ఈ ఏర్పాటు మేలు చేస్తుంది.

షాకు నుంచి కాపాడే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. సైతం ఈ లైనుకు ప్రత్యేకంగా ఉండటం మంచిది. ఇల్లంతటికీ ఒక్కటే ఉంటే, వానకు తడిసిన గోడలో ఏ కొద్ది లీకేజీ వచ్చినా అర్ధరాత్రి ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆగిపోతాయి. మరో ముఖ్య విషయం న్యూట్రల్. అత్యవసర లైనుకు ఫేజు మాత్రమే వేరుచేసి, న్యూట్రల్‌ను పాతదానితో కలిపేయటం తరచు జరిగే పొరపాటు. ఆర్.సి.సి.బి. ఊరికే పడిపోతోందని దానినే తీసి పారేసే ఇళ్ళలో తప్పు చాలాసార్లు ఇక్కడే ఉంటుంది.

లైన్‌మన్ ప్రాణం

ఇంతకంటే ప్రమాదకరమైనది చిన్న జనరేటరు వాడకం. రెండువైపులా పిన్నులున్న తీగెతో జనరేటరును గోడ ప్లగ్గులో పెట్టేవారున్నారు. మెయిన్ ఆపటం మరిస్తే ఆ కరెంటు మీటరు గుండా వీధిలోకి పోతుంది. 230 వోల్టులను ఇంటికి దించిన ట్రాన్స్‌ఫార్మరే ఎదురు దిశలో దానిని వేల వోల్టులకు పెంచుతుంది. లైను చచ్చిందనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణానికి అది ముప్పు. ఛేంజోవర్ స్విచ్చి లేని జనరేటరు ఇంటికి వెలుగిచ్చినా వీధికి మృత్యువే.

స్లాబు వేయకముందు ఒక పైపు అదనంగా పరచటానికి, కొన్ని చుట్ల తీగె వేయటానికి అయ్యే ఖర్చు ఇంటి మొత్తం వ్యయంలో లెక్కలోకి రాదు. రంగులు వేసిన తరువాత గోడలకు గాడి కొట్టవలసి వస్తే ఖర్చుతో పాటు దుమ్మూ, తలనొప్పీ అదనం. వాస్తు గురించి రోజుల తరబడి చర్చించే యజమాని, లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరుతో ఒక పూట కూర్చుని ఆగరాని వస్తువుల జాబితా రాసుకుంటే చాలు. తుపాను హెచ్చరిక వెలువడ్డాక ఎలక్ట్రీషియను కోసం పరుగెత్తటం ఇల్లు కాలుతుంటే బావి తవ్వటం వంటిదే.