నువ్వెవరి తాలూకు?

నెల్లిమర్ల రైల్వేస్టేషన్‌లో దిగిన కొత్త మనిషి ఏ టీకొట్టు ముందు నిలబడినా, గ్లాసు చేతికి వచ్చేలోగా ఒక ప్రశ్న ఎదురవుతుంది. ‘‘నువ్వెవరి తాలూకు బాబూ?’’ పేరు తరువాత అడుగుతారు. ఏ ఊరు, ఇంటిపేరేమిటి, ఎవరింటి అల్లుడు, తండ్రి జూటుమిల్లులో ఏ పని చేశాడు అన్నవన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడి ఉన్నాయి. వచ్చినవాడు అబద్ధం ఆడితే సాయంత్రానికల్లా బయటపడుతుంది. పక్క బల్ల మీద కూర్చున్న పెద్దమనిషికి ఆ ఊళ్లో మేనత్త ఉండనే ఉంటుంది మరి.

ఇప్పుడు ఆ ప్రశ్న అడిగేవారు లేనిచోట జనం పరిచయాలు చేసుకుంటున్నారు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌లలో ఒక ఫోటో, ఒక పేరు, తన గురించి రెండు వాక్యాలు పెడితే చాలు, దాన్ని ప్రొఫైల్ అంటున్నారు. పెళ్లి సంబంధం మాట వస్తే పెద్దలు అవతలి ఊరికి కబురు పంపేలోగానే పిల్లలు ఆ ప్రొఫైల్ చూసేస్తున్నారు. ఉద్యోగం ఇప్పిస్తానన్నవాణ్ణి అందులోనే చూస్తున్నారు. అత్యవసరమని అప్పు అడిగినవాణ్ణీ అందులోనే పోల్చుకుంటున్నారు. ఆ బొమ్మలో కనిపించేది అసలు మనిషేనా, అయితే ఎంతవరకు అన్నది పట్నవాసుల కాలక్షేపం ప్రశ్నగా మిగలలేదు. పల్లెల్లో డబ్బు, ఆడపిల్లల భద్రత, కుర్రవాళ్ల ప్రాణాలు కూడా దానితో ముడిపడిపోయాయి.

గొప్పలకు పోవడం కొత్త సంగతేమీ కాదు. వెనకటి రోజుల్లో విజయనగరం వెళ్లి ఫోటో తీయించుకున్నవారు స్టూడియో వారి కోటు తొడుక్కుని, తెర మీద గీసిన మేడ ముందు నిలబడటం కద్దు. ఆ కోటు ఎవరిదో ఊరందరికీ తెలుసు. నవ్వుకుని ఊరుకునేవారు. పటం గోడకు వేలాడుతుంటే దాని కిందనే అసలు మనిషి తువ్వాలు భుజాన వేసుకుని చుట్ట కాల్చుకుంటూ కనిపించేవాడు. ఇప్పుడు పటం మాత్రమే ఊరూరా తిరుగుతున్నది. దాని కింద మనిషి కనబడడు.

అంతమాత్రాన ప్రొఫైళ్లన్నీ బూటకమని కొట్టిపారేయడం తొందరపాటే. ఈ విషయమై మిత్యా బాక్, శామ్ గాస్లింగ్ తదితర మనస్తత్వ శాస్త్రజ్ఞులు చేసిన పరిశోధన ఒకటి 2010లో వెలువడింది. అమెరికా, జర్మనీ దేశాలలో 236 మంది ప్రొఫైళ్లను, వారెవరో ఎరగని వ్యక్తులకు చూపించి, ఇతడు ఎటువంటి మనిషో చెప్పమన్నారు. ప్రొఫైల్ సొంతదారు తాను ఎలా ఉండాలని కోరుకుంటాడో ఆ రూపం కంటె, నిజంగా ఎలా ఉన్నాడో ఆ రూపానికే చూసినవారి అంచనాలు దగ్గరగా వచ్చాయి. కలుపుగోలు మనిషి అయితే ఆ సంగతి చక్కగా పట్టుబడింది.

ఇది వినడానికి వింతగా ఉన్నా ఆలోచిస్తే వింత కాదు. స్నేహితులు, చుట్టాలు చూస్తున్నచోట మనిషి మరీ కోతలు కోయలేడు. సొంత మోటారు సైకిలని ఫోటో పెడితే ‘‘అది మా బావది కదరా’’ అని కింద ఎవడో ఒకడు రాస్తాడు. అంటే టీకొట్టు దగ్గర జరిగే విచారణ అక్కడా కొంత జరుగుతూనే ఉన్నదన్నమాట.

అయితే అదే పరిశోధనలో మరొక సంగతి తేలింది. మనిషి లోపలి ఆందోళన, దిగులు మాత్రం చూసినవారికి సరిగా దొరకలేదు. ఈ జిల్లావాసులు గమనించవలసింది దీన్నే. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పల్లెల నుంచి చెన్నైకి, హైదరాబాదుకు, గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లినవారు ఎందరో ఉన్నారు. ఆదివారం కొత్త చొక్కా వేసుకుని సముద్రం ఒడ్డునో, పెద్ద దుకాణం మెట్ల మీదనో దిగిన ఫోటో పెడతారు. ఇంటి దగ్గర తల్లి ఆ ఫోటో చూసి, బిడ్డ బాగున్నాడని వీధిలో నలుగురికీ చూపిస్తుంది. ఒకే గదిలో పదిమంది పడుకుంటున్నారన్నది అందులో పడదు. మేస్త్రీ జీతం ఆపేశాడన్నది పడదు. నెలనెలా కట్టవలసిన వాయిదా పడదు. అది మోసం కాదు, ఇంటివాళ్లు బెంగపెట్టుకోకూడదని చేసే పని. కానీ ఆ నవ్వుముఖం చూసి తమ్ముడు కూడా బట్టలు సర్దుకుంటే దానికి జవాబుదారు ఎవరు? ఫోటోకు గుండె గుర్తు పెట్టి ఊరుకోకుండా ఫోను చేసి పది నిమిషాలు మాట్లాడే ఇంట్లో ఈ చిక్కు కొంత తగ్గుతుంది.

మనిషి చూసి మెచ్చుకునేదాన్ని బట్టి అతని స్వభావం తెలుస్తుందని కూడా శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. కోసిన్‌స్కీ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 58 వేలమందికి పైగా మనుషులు ఫేస్‌బుక్‌లో నొక్కిన లైకులను లెక్కగట్టి 2013లో ఫలితాలు ప్రకటించారు. 2015లో చెప్పిన మాట మరీ విడ్డూరం. పది లైకులు చేతిలో ఉంటే తోటి ఉద్యోగి కంటె, 150 ఉంటే ఇంటివారి కంటె, 300 ఉంటే కట్టుకున్నవారి కంటె కంప్యూటరే మనిషి స్వభావాన్ని బాగా అంచనా కట్టిందట! ఆ లెక్క కంపెనీలకు అందుతుంది. పిల్లనివ్వబోయే తండ్రికి అందదు.

ఇక ఎరిగినవారెవరూ లేని ప్రొఫైళ్ల సంగతి వేరు. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం ఉత్తరాంధ్ర ప్రజలు మరచిపోయి ఉండరు. డేటా ఎంట్రీ ఉద్యోగమని, మంచి జీతమని చెప్పి లక్ష, లక్షన్నర వసూలు చేసి, విశాఖ ప్రాంతం నుంచే నూరుమందికి పైగా యువకులను ఆ దేశం తరలించారని పోలీసులు వెల్లడించారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, గదులలో నిర్బంధించి, భారతదేశంలోని సాటివారిని ఫోన్లలో, కంప్యూటర్లలో మోసగించే పనిలో పెట్టారు. చెప్పినట్టు చేయనివారిని హింసించారు. అదే నెలలో అక్కడి భారతీయులు వందలాదిగా ఎదురు తిరిగిన తరువాత, రాయబార కార్యాలయం సాయంతో విశాఖకు తిరిగి రావడం మొదలయింది.

కంబోడియా నుంచి బయటపడ్డ భారతీయులలో కొందరు చెప్పిన దాని ప్రకారం, అక్కడ వారికి అప్పగించిన పనులలో ఒకటి ఆడవాళ్ల ఫోటోలు సేకరించి, ఆ ఫోటోలతో దొంగ ప్రొఫైళ్లు తయారుచేయడం. అంటే ఒంటరిగా ఉన్న ఏ ఉద్యోగికో రాత్రిపూట తియ్యగా ‘‘భోంచేశారా?’’ అని రాసిన చక్కని చుక్క, దెబ్బలకు భయపడి అర్ధాకలితో కూర్చున్న ఒక కుర్రవాడు కావచ్చు. ఫోటోలోని ఆడపిల్లకు ఈ సంగతేదీ తెలియదు. మోసపోయినవాడూ, మోసం చేసినవాడూ, ఫోటోలో ఉన్నదీ ముగ్గురూ బాధితులే. ఆ ఒక్క దేశంలోనే సుమారు లక్షమంది ఇటువంటి వెట్టిలో ఉండవచ్చునని ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయం 2023లో అంచనా వేసింది.

ఈ వ్యవహారంలో అరెస్టయిన ఏజెంట్లు విశాఖ ప్రాంతంవారే కావడం గమనించదగినది. ఏజెంటు ఎవరి తాలూకో తెలిసింది గానీ ఉద్యోగమిచ్చే కంపెనీ ఎవరి తాలూకో తెలియలేదు. టీకొట్టు ప్రశ్న ఒక్కటే చాలదనడానికి ఇదే నిదర్శనం. విదేశాలకు మనుషులను పంపే ఏజెంటుకు ప్రభుత్వ గుర్తింపు ఉన్నదో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. పొలం తాకట్టుపెట్టి సొమ్ము కట్టేముందు చదువుకున్న పిల్లవాడితో అది చూపించుకోవడం అవసరం.

ఇంటి దగ్గర కూర్చున్నవారికీ రక్షణ లేదు. పేరు మీదే, ఫోటో మీదే, వెనుక ఉన్నది మాత్రం మీరు కాదు. ‘‘ఆసుపత్రిలో ఉన్నాను, పదివేలు పంపు’’ అని మీ పేరుతో మీ చుట్టాలకు సందేశాలు వెళతాయి. డబ్బు పోయినవాడు మీ మీద పడతాడు. తెలిసిన గొంతును కూడా యంత్రంతో అచ్చు దించే రోజులు వచ్చాయి. అటువంటి సందేశం వస్తే పాత నంబరుకు ఫోను చేయాలి. లేదా ఇంటివాడికి తప్ప మరొకరికి తెలియని మాట ఒకటి అడగాలి. చుట్టరికాలు తిరగేయడంలో ఈ ప్రాంతపు ముసలమ్మలను మించినవారు లేరు, ఫోను వారి చేతికిచ్చినా మంచిదే.

చట్టం లేకపోలేదు. సమాచార సాంకేతిక చట్టానికి 2008లో చేర్చిన 66సి, 66డి సెక్షన్ల కింద, ఇతరుల గుర్తింపును దొంగిలించినా, కంప్యూటర్, ఫోన్ల ద్వారా మరొకరి వేషంలో మోసం చేసినా మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. మారువేషపు ఖాతాలు, మార్ఫింగ్ చేసిన ఫోటోలపై బాధితులు ఫిర్యాదు చేస్తే త్వరగా తొలగించే చర్య తీసుకోవాలని 2021 నిబంధనలు కంపెనీలకు గడువు పెట్టాయి. అపరిచితులు ఫోటోలు తీసుకోకుండా ప్రొఫైల్‌కు తాళం వేసుకునే వీలును ఫేస్‌బుక్ 2020 మేలో భారతదేశంలో కల్పించింది. అది ఉన్నదని మన ఆడపిల్లల్లో ఎందరికి చెప్పారు?

డబ్బు పోయిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేస్తే, సొమ్ము చేతులు మారకముందే ఆపే అవకాశం ఉన్నది. ఎంత ఆలస్యమైతే అంత నష్టం. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త నేర విచారణ చట్టం ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు. ‘‘ఇది మా పరిధి కాదు’’ అని పల్లెటూరివారిని తిప్పి పంపడానికి వీలులేదు.

ఈ సంగతులు నగరాల్లో పెద్ద పెద్ద బోర్డులెక్కాయి. పల్లెల్లో కూలికి వెళ్లేవారి కంటికి ఆనలేదు. జిల్లా పోలీసు అధికారులు 1930 నంబరును నెల్లిమర్ల మార్కెట్‌లోను, మిల్లు గేటు ఎదుట, రైల్వేస్టేషన్ దారిలో, రామతీర్థంలో శ్రీరామనవమికి జనం వచ్చే తోవలోను గోడల మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాయించాలి. మండలంలోని ప్రతి హైస్కూల్లో పిల్లల చేత ఒకసారి ప్రొఫైల్ తాళం వేయించి చూపించాలి. రంగు డబ్బాలు, ఒక పెయింటరు కూలి తప్ప దీనికి పెద్ద ఖర్చేమీ లేదు.