పంట పోయాక మల్లె పీకి లాభమేటి అంటున్నోళ్లకి

నిన్న సాయంత్రం మెట్టు మీద, చోడి చేను గట్టున నిలబడి ఒకాయనతో గొడవపడ్డాను. వరసకి బావ అవుతాడు, పేరు రాయను. ఆయన చేలో మల్లె పూసింది. వాకిట్లో పూసే మల్లె కాదు, జొన్నమల్లె. జానెడు మొక్క, గరుకు ఆకు, చిన్న తెల్ల పువ్వు. సైంటిస్టులు స్ట్రైగా అంటారు. పీకు బావా అన్నాను. "చోడి ఎలాగూ ఎండిపోయింది, ఇప్పుడు పీకి లాభమేటి?" అన్నాడు. జలంత్రకోట చుట్టుపక్కల ఈ మాట ఆయనొక్కడే అనడం లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆ మాటలో సగం నిజం ఉంది. జీడిచెట్టు మీద బదనిక పైనే కనిపిస్తుంది, కొమ్మ నరికేస్తాం. ఇది అలా కాదు. భూమిలోనే చోడి వేరుకి అంటుకుని నెలకి పైగా నీరూ సారమూ లాగేసి, ఆ తర్వాత పైకి తల ఎత్తుతుంది. నేలలో తడి ఉన్నా చేను వాడిపోతే మనం తెగులనుకుంటాం, వాన చాల్లేదనుకుంటాం. మొక్క కనపడేసరికి ఈ ఏటి నష్టం చాలావరకు అయిపోయినట్టే. ఇంతవరకు బావ మాటే రైటు.

మరి గింజ సంగతేటి? ఒక్క మొక్కకి వేలల్లో గింజలు, కొన్నింటికి యాభై వేలు దాటుతాయి. పొడిలా ఉంటాయి, కంటికి ఆనవు. గాలికీ, వాన నీటికీ, నాగలికీ, మన కాళ్ల మట్టికీ అంటుకుని పక్క చేలోకి పోతాయి. పదేళ్లకు పైగా భూమిలో పడుండి, చోడి, జొన్న, గంటి వేరు నుంచి ఊరే రసం తగిలినప్పుడే మొలుస్తాయి. ఈ ఏటి చోడి నీది బావా. ఆ పదేళ్లు మా అందరివీ. పూత రాకముందు పీకాలి. పూసిందంటే కాల్చాలి. గట్టు మీద పారేయకూడదు, పశువులకి వేయకూడదు, గత్తంలో కలపకూడదు. మనం చేసేవి సరిగ్గా ఈ మూడే!

అమెరికాలో కరొలినా రాష్ట్రాల మొక్కజొన్నలో ఇది 1956లో బయటపడింది. (అక్కడిది ఎర్రగా పూస్తుందట.) మరుసటి ఏడే ఆ చేల నుంచి మట్టి, పనిముట్లు ఊరికే కదలకుండా కట్టడి పెట్టారు. పండ్లు మగ్గబెట్టే ఇథిలీన్ వాయువు ఉంది చూడండి, దాన్నే నేలలోకి ఎక్కించి, పైరు లేనప్పుడు గింజని మొలిపించి చంపారు. నాలుగు లక్షల ఎకరాలకు పైగా పాకిన దాన్ని దశాబ్దాల పాటు తరిమారు. వాళ్లెవరూ పంట పోయింది కదా అని ఊరుకోలేదు.

మనకి ఆ వాయువు అక్కర్లేదు. వేరుశనగ, బొబ్బర్ల వేరు రసానికీ ఈ గింజ మొలుస్తుంది, కానీ ఆ వేరుని పట్టుకోలేక చస్తుంది. మన తాతలు చోడిలో బొబ్బర్లు కలిపి వేసేవారు. మనం చోడి మీద చోడి వేసి, ఉన్నవాటిలో నీరసం నేల దానికిచ్చి, గత్తం అంతా కొబ్బరికి తోలాం. సారం లేని నేలంటే మల్లెకి పండగ. 2023ని చిరుధాన్యాల సంవత్సరం అన్నారు, పెట్టుబడి లేని పంటన్నారు, చప్పట్లు కొట్టాం. మల్లె ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

కొట్టువాడు కలుపుమందు ఇస్తాడు. నేనూ కొట్టాను ఒక ఏడు. పైకొచ్చింది మాడింది. నాలుగు రోజులకి పక్కవాళ్ల బీరపాదు ఆకులు ముడుచుకుపోయాయి, మాటపడ్డాను. కింద వేరు మీదున్నది అలాగే ఉంది, మళ్లీ లేచింది.

ఆదివారం పొద్దున్న గోనెసంచి పట్టుకుని మా చేనుతో మొదలెడతాను. ఇద్దరు కుర్రాళ్లు వస్తామన్నారు. బావా, ఇది చదివితే కోప్పడు, పర్లేదు. నిన్న మీ ఆవిడ పీకి గట్టు మీద వేసిన మోపు మాత్రం గాలి లేవకముందే తీయించు.