వైఫై ఉందా అని కాదు, వైఫై పోతే ఏమవుతుందని అడగండి

ల్యాబ్ పవర్ సప్లై రివ్యూ ఏది చూసినా స్పెసిఫికేషన్లలో ఒక లైన్ తప్పకుండా ఉంటుంది: "రిమోట్ కంట్రోల్: ఉంది". యూఎస్‌బీ, లాన్, వైఫై... ఎన్ని ఉంటే అన్ని మార్కులు. నేనూ ఆ లైన్ చూసే కొన్నాను. ఇప్పుడు మాత్రం నాకు వచ్చే మొదటి ప్రశ్న వేరే. మధ్యలో కనెక్షన్ తెగిపోతే ఈ డబ్బా ఏం చేస్తుంది?

కొత్తవాళ్ల కోసం ఒక్క మాట. ఫోన్ ఛార్జర్ ఎన్ని వోల్టులు ఇవ్వాలో ఛార్జరూ ఫోనూ మాట్లాడుకుని తేల్చుకుంటాయి. ల్యాబ్ పవర్ సప్లైలో అది మనం సెట్ చేస్తాం. ఎన్ని వోల్టులు ఇవ్వాలి, ఎన్ని ఆంపియర్లు దాటకూడదు అనేవి రెండూ మన చేతిలోనే ఉంటాయి. రిమోట్ ఉంటే ఆ పని కంప్యూటర్ చేస్తుంది. బ్యాటరీ మెల్లగా దిగిపోతున్నట్టు 4.2 వోల్టుల నుంచి 3 వోల్టుల దాకా తగ్గిస్తూ మన బోర్డు ఎక్కడ రీస్టార్ట్ అవుతుందో చూడొచ్చు. రాత్రంతా వందసార్లు ఆన్, ఆఫ్ చేయించొచ్చు. చేత్తో తిప్పుతూ కూర్చుంటే ఇవి అయ్యే పనులు కావు. కాబట్టి నేను రిమోట్‌కి వ్యతిరేకిని కాదు.

ఆ రోజు ఏం జరిగిందంటే

మా ఇల్లు భువనగిరి, ఆఫీసు హైదరాబాద్. ఇంట్లో నా రూంలో ఒక 12 వోల్టుల గేర్ మోటర్‌ని టెస్ట్‌కి పెట్టి ట్రైన్ ఎక్కాను. పది సెకన్లు ఆన్, ఇరవై సెకన్లు ఆఫ్, సాయంత్రం దాకా ఇదే. కరెంట్ 1 ఆంపియర్ దాటితే ఆపేయమని పైథాన్ స్క్రిప్ట్‌లో రాశాను. స్టార్టింగ్‌లో మోటర్ ఎక్కువ లాగుతుంటే అడ్డొస్తోందని సప్లైలోని లిమిట్‌ని మాత్రం 3 ఆంపియర్లకు పెంచేశాను. స్క్రిప్ట్ ఉంది కదా అనే ధైర్యం.

మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. "ఏందిరా, నీ రూంల కాలిన వాసనొస్తుంది?"

నేను ఫోన్‌లో డ్యాష్‌బోర్డ్ చూశాను. 0.4 ఆంపియర్లు, పచ్చ రంగు, అంతా బాగానే ఉంది. "అమ్మా, డబ్బా మీద నంబర్ ఎంతుంది?" అనడిగాను. "నంబర్ ఏందిరా, నేను ఎప్పుడో మెయిన్ బంద్ చేసిన" అంది.

సాయంత్రం వెళ్లి చూస్తే సంగతి అర్థమైంది. ల్యాప్‌టాప్ అప్‌డేట్ కోసం రీస్టార్ట్ అయింది. సరిగ్గా ఆ క్షణంలో అవుట్‌పుట్ ఆన్‌లో ఉంది. ఆఫ్ చెయ్యమని చెప్పాల్సిన స్క్రిప్ట్ ఇక లేదు. మోటర్ ఆగకుండా తిరిగి తిరిగి గేర్ పట్టేసింది. డ్రైవర్ బోర్డు నల్లబడింది, టేబుల్ మీద మచ్చ పడింది. 12 వోల్టుల దగ్గర 2.5 ఆంపియర్లు లాగినా 30 వాట్లు. అరచేతిలో పట్టే మోటర్‌కి అది చాలా ఎక్కువ. కానీ సప్లై లెక్క ప్రకారం తప్పేమీ జరగలేదు, 3 ఆంపియర్లు దాటలేదు కదా. ఇక డ్యాష్‌బోర్డ్‌లో నేను చూసింది రీస్టార్ట్‌కి ముందు వచ్చిన చివరి రీడింగ్.

తప్పు నాదే. కాకపోతే ఇది నా ఒక్కడి తప్పుగా ఆగిపోయేది కాదు.

20 మీటర్ల కాలం నాటి పద్ధతి

ఇన్‌స్ట్రుమెంట్లను కంప్యూటర్‌తో నడపడం కొత్తేమీ కాదు. 1960ల చివర్లో హ్యూలెట్ ప్యాకార్డ్ తయారు చేసిన బస్ 1975లో ఐట్రిపుల్‌ఈ 488 ప్రమాణం అయింది. ఇప్పటికీ వాడే స్కిపీ కమాండ్లు 1990లో వచ్చాయి. వోల్టేజ్ 5 అంటే 5 పెడుతుంది, అవుట్‌పుట్ ఆన్ అంటే ఆన్ చేస్తుంది. ఇంకో మాట చెప్పేదాకా అలాగే ఉంటుంది.

ఆ పాత బస్‌లో కేబుల్ మొత్తం పొడవు 20 మీటర్లు మించకూడదు. అంటే కంప్యూటర్ ముందున్న మనిషికి ఆ కాలిన వాసన వచ్చేది. లేచి వెళ్లి స్విచ్ ఆపేవాడు. ఇప్పుడు అవే కమాండ్లు వైఫై మీద, లాన్ మీద వెళ్తున్నాయి. మనిషి వేరే ఊళ్లో ఉంటున్నాడు. కేబుల్ పొడవు పెరిగింది కానీ సేఫ్టీ గురించి మన ఆలోచన మాత్రం పెరగలేదు. పైగా చాలా సప్లైలలో నెట్‌వర్క్ మీద వచ్చే స్కిపీ కమాండ్లకు పాస్‌వర్డే ఉండదు. అదే నెట్‌వర్క్‌లో ఉన్న ఎవరైనా 5 వోల్టులను 30 చేసేయొచ్చు. కాబట్టి రూటర్‌లో పోర్ట్ తెరిచి నేరుగా ఇంటర్నెట్‌కి పెట్టకండి, వీపీఎన్ వాడండి.

ఈ ప్రశ్న రైతులు ఎప్పుడో అడిగారు

మా వైపు బోరు మోటర్‌కి మొబైల్ స్టార్టర్ పెట్టించుకునే రైతు యాప్ రంగు చూడడు. ఒక ఫేజ్ పోతే ఆగుతుందా? బోరులో నీళ్లు అయిపోతే ఆగుతుందా? ఆన్ అయ్యాక నాకు తెలుస్తుందా? ఇవీ ఆయన అడిగేవి. మోటర్‌ని కాపాడే పని స్టార్టర్ డబ్బాదే, సిగ్నల్‌ది కాదు. 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల కరెంట్ మొదలైనప్పుడు, ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతులను కోరింది. కరెంట్ రాగానే దానంతటదే ఆన్ అయ్యే మోటర్ అవసరం లేకున్నా నీళ్లు తోడేస్తుందని. మన బెంచ్ మీద కూడా ఇదే ప్రశ్న ఉంది. కరెంట్ పోయి వస్తే అవుట్‌పుట్ ఆన్‌లో లేస్తుందా, ఆఫ్‌లోనా?

అందుకే పవర్ సప్లై కొనేవాళ్లు, రివ్యూ రాసేవాళ్లు నాలుగు విషయాలు చూడాలంటాను. ఓవర్ వోల్టేజ్, ఓవర్ కరెంట్ ప్రొటెక్షన్ డబ్బాలోనే ఉందా? కంప్యూటర్ నుంచి కాసేపు ఏ మాటా రాకపోతే తనంతట తానే ఆగే వాచ్‌డాగ్ ఉందా? (కీసైట్ ఎన్6700 సిరీస్‌లో ఉంది, బడ్జెట్ మోడళ్లలో వెతుక్కోవాల్సిందే.) కరెంట్ తిరిగి వచ్చాక ఏ స్థితిలో లేస్తుంది? రీడింగ్ పక్కన అది ఎప్పటిదో టైమ్ చూపిస్తుందా? వీటిని తేల్చడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. అవుట్‌పుట్ ఆన్‌లో ఉండగా రూటర్ ప్లగ్ పీకి చూస్తే సగం తెలిసిపోతుంది.

నేనిప్పుడు ముందు సప్లైలోనే లిమిట్ పెడుతున్నాను, లోడ్‌కి వరుసలో ఒక ఫ్యూజ్ వేస్తున్నాను, ఆ తర్వాతే స్క్రిప్ట్ రాస్తున్నాను. స్టార్టింగ్ కరెంట్ అడ్డొస్తే లిమిట్ పెంచకుండా, వోల్టేజ్‌ని మెల్లగా పెంచుకుంటూ స్టార్ట్ చేస్తున్నాను. ఇంట్లో ఎవరూ లేని రోజు మాత్రం మోటర్లు, బ్యాటరీల టెస్ట్ అసలు పెట్టడం లేదు. ఆ రోజు నా సిస్టమ్‌లో సరిగ్గా పనిచేసిన సెన్సర్ అమ్మ ఒక్కతే.