హైదరాబాద్ గెలిచిన రాత్రి - మళ్ళీ చూస్తే



గెలిచిన మ్యాచ్‌ను మళ్ళీ చూడటం దండగ అనే వాళ్ళు మన హాస్టల్లో ఎప్పుడూ ఉన్నారు. ఎవరు గెలిచారో తెలిసిపోయాక ఇంకేం మిగిలింది, ఫోన్ ఛార్జింగ్ అయిపోవడం తప్ప అని వాళ్ళ వాదన. మేము దీనితో ఏకీభవించం. మొదటిసారి చూసేటప్పుడు మన కళ్ళు బంతి వెంటే ఉరుకుతాయి. గెలుస్తామో లేదో అనే గుబులులో మనిషి కనబడడు, స్కోరే కనబడుతుంది. ఫలితం తెలిశాక నిమ్మళంగా కూర్చుని చూస్తే అప్పుడు మనుషులు కనబడతారు. పాఠం మొదటిసారి పరీక్ష కోసం చదివినట్టు, రెండోసారి మన కోసం చదివినట్టు.

మేము చెప్పబోయేది 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దా మైదానంలో జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ గురించి. హైదరాబాద్ ఎఫ్‌సీకి, కేరళ బ్లాస్టర్స్‌కు పోటీ. 68వ నిమిషంలో కేరళ తరఫున కె.పి. రాహుల్ గోల్ కొట్టాడు. 88వ నిమిషంలో మన సాహిల్ తవోరా సమం చేశాడు. అదనంగా ఆడించిన అరగంటలో ఎవరికీ గోల్ రాలేదు. పెనాల్టీల్లో హైదరాబాద్ 3-1తో గెలిచి కప్పు ఎత్తింది. వార్తగా చదివితే ఇంతే. ఈ హాస్టల్లో చదివి ఇప్పుడు పీజీ చేస్తున్న మేము ఐదుగురం దసరా సెలవుల్లో ఆ ఆటను మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ చూశాం. అప్పుడు మాకు తోచిన సంగతులు ఈ సంచిక ద్వారా మీ ముందు పెడుతున్నాం.

ముందు రంగుల సంగతి. కేరళ జట్టు రంగు పసుపు, హైదరాబాద్ రంగూ పసుపే. ఆ రోజు పసుపు వేసుకునే హక్కు లీగ్ పట్టికలో పైన ఉన్న హైదరాబాద్‌కు వచ్చింది. కేరళ వాళ్ళు వేరే రంగు జెర్సీతో దిగారు. కానీ స్టాండ్స్ నిండా కేరళ అభిమానులే, అందరూ పసుపే! అంటే మైదానంలో పసుపు వేసుకున్నది మనవాళ్ళు, చుట్టూ పసుపు వేసుకుని అరుస్తున్నది అవతలి వాళ్ళు. కరోనా కారణంగా ఆ సీజన్ మొత్తం గోవాలోనే, ప్రేక్షకులు లేకుండా ఆడించారు. ఫైనల్‌కు జనాన్ని రానిస్తే అది కేరళ ఊరేగింపు అయింది. హైదరాబాద్ జట్టు ఆ ఏడు హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే ఛాంపియన్ అయింది. తన కోసం అరిచే వాళ్ళు లేని చోట రెండు గంటలు ఓర్చుకుని ఆడటం ఎంత కష్టమో, కొత్తగా ఇంగ్లిష్ మీడియం కాలేజీలో చేరి వెనక బెంచీలో కూర్చున్న మన వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక అసలు మనిషి దగ్గరికి వద్దాం. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమని.

ఈ మనిషిని అర్థం చేసుకోవాలంటే ఆరేళ్ళు వెనక్కి పోవాలి. 2015 డిసెంబర్ 20న ఇదే లీగ్ ఫైనల్, ఇదే ఫతోర్దా మైదానం. కట్టిమని అప్పుడు ఎఫ్‌సీ గోవా కీపర్. సొంత ఊరి జనం ముందు గోవా 2-1తో ఆధిక్యంలో ఉంది. 90వ నిమిషం, కప్పు చేతికి అందినట్టే. అప్పుడు చెన్నైయిన్ జట్టుకు ఒక గోల్ వచ్చింది. అది కట్టిమని పేరు మీదే సొంత గోల్‌గా రాశారు. ఆ తర్వాత రెండు నిమిషాలకే మెండోజా ఇంకో గోల్ కొట్టాడు. చెన్నైయిన్ 3-2తో గెలిచింది. చేతిలోని ముద్ద నోటిదాకా వచ్చి జారిపోయింది.

ఆటలో ముందు వరుస వాడు పది సార్లు తప్పి ఒకసారి గోల్ కొడితే జనం భుజాల మీద మోస్తారు. కీపర్ పది ఆపి ఒకటి వదిలితే ఆ ఒక్కటే గుర్తు పెట్టుకుంటారు. ఇది అన్యాయమే గానీ ఆట తీరు అంతే. కట్టిమని ఆ మచ్చతోనే ఆడుతూ వచ్చాడు. 2019లో కొత్తగా పుట్టిన హైదరాబాద్ జట్టులో చేరాడు. ఆ మొదటి సీజన్‌లో జట్టు 18 మ్యాచ్‌లాడి రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. అంటే నెత్తి మీద ఒక మచ్చ, చేతిలో ఓడిపోయే జట్టు. అయినా అతను ఆట వదల్లేదు, జట్టు అతన్ని వదల్లేదు. ఈ రెండో మాట ముఖ్యం, దాని దగ్గరికి మళ్ళీ వస్తాం.

ఇది తెలుసుకుని 2022 ఫైనల్ చూడండి. రాహుల్ కొట్టిన గోల్ పడగానే మేము బంతిని చూడలేదు, కట్టిమని ముఖం చూశాం. ఆ బంతి ఆపవలసిందే అని మాలో ఇద్దరు, ఆపలేనిదే అని ముగ్గురు ఇప్పటికీ వాదించుకుంటున్నాం. ఆ క్షణంలో అతనికి 2015 గుర్తు రాకుండా ఉంటుందా? అదే మైదానం, అదే ఫైనల్, మళ్ళీ తన వెనక వలలో బంతి. ఇంకా ఇరవై రెండు నిమిషాలు మిగిలి ఉన్నాయి.

తవోరా గోల్‌ను మాత్రం ఎన్నిసార్లయినా చూడవచ్చు. అతను మొదటి పదకొండు మందిలో లేడు, మార్పు ఆటగాడిగా వచ్చాడు. కేరళ వాళ్ళు తలతో బయటికి తోసిన బంతి పెట్టె బయట తన ముందుకు వస్తుంటే, అది నేలకు ఆననివ్వకుండా కొట్టాడు. మళ్ళీ మళ్ళీ చూసి మేము గమనించిందేమిటంటే, అతను అక్కడికి బంతి వచ్చాక పోలేదు, ముందే నిలబడి ఉన్నాడు. బెంచీ మీద కూర్చున్న వాడు ఊరికే కూర్చోలేదు, ఆటను చదువుతూ కూర్చున్నాడు. తవోరా కూడా గోవా కుర్రాడే.

పెనాల్టీలు. గోల్‌పోస్టు వెడల్పు 24 అడుగులు, ఎత్తు 8 అడుగులు. బంతి పెట్టేది 36 అడుగుల దూరంలో. కొట్టేవాడికి బంతి కదలదు, ఎవరూ అడ్డం రారు. కీపర్ మాత్రం బంతి తన్నే దాకా కనీసం ఒక పాదం గీత మీద ఉంచాలి. లెక్క ప్రకారం కీపర్ ఓడిపోవలసిన పోటీ ఇది. కేరళ మొదటి కిక్ లెస్కోవిచ్‌ది, కట్టిమని ఆపాడు. మనకు జావో విక్టర్ గోల్ కొట్టాడు. కేరళ రెండో కిక్ నిషు కుమార్‌ది, దాన్నీ ఆపాడు. ఇక్కడ అసలు పరీక్ష వచ్చింది. కీపర్ గీత దాటి ముందుకు వచ్చాడని రిఫరీ మళ్ళీ కొట్టమన్నాడు. సంబరంలో ఉన్న మనిషిని వెనక్కి పిలిచి, నువ్వు చేసింది చెల్లదు, మళ్ళీ మొదలుపెట్టు అంటే ఎలా ఉంటుంది? ఒక సర్టిఫికెట్‌లో అక్షరం తేడా ఉందని స్కాలర్‌షిప్ ఫారం తిప్పి పంపిన రోజు మనలో ఎంతమంది చేతులు వణకలేదు! కట్టిమని రిఫరీతో గొడవ పెట్టుకుని తన బుద్ధి చెదరగొట్టుకోలేదు. పోయి గీత మీద నిలబడ్డాడు, అదే నిషు కుమార్ మళ్ళీ కొడితే మళ్ళీ ఆపాడు.

తర్వాత మన సివెరియో బంతిని పోస్టు మీదుగా బయటికి కొట్టాడు. ఆయుష్ అధికారి కేరళకు ఒక గోల్ తెచ్చాడు. కమారా మనకు ఇంకోటి కొట్టాడు. జీక్సన్ సింగ్ కిక్‌ను కట్టిమని ఆపాడు. అస్సాంకు చెందిన హలిచరణ్ నర్జారీ చివరిది కొట్టగానే కప్పు మనది. నాలుగు కిక్కుల్లో మూడు ఆపిన కీపర్! ఆరేళ్ళ కింద అతని పేరు మీద గోల్ రాసిన మైదానంలోనే!

మొదటిసారి చూసినప్పుడు మేము ఇక్కడికే చప్పట్లు కొట్టి పడుకున్నాం. ఈసారి పడుకోలేకపోయాం. మాలో ఒక మిత్రుడు అన్నాడు: "అంతా బాగుంది గానీ, ఇందులో మన పిలగాడు ఎవడురా?" మేము పేర్లు లెక్కపెట్టాం. గోవా, మణిపూర్, సిక్కిం, అస్సాం, స్పెయిన్, బ్రెజిల్, నైజీరియా. ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టిన ఒగ్బెచే నైజీరియా వాడు. ఆ రాత్రి మైదానంలోకి దిగిన వాళ్ళలో తెలుగు నేల మీద పెరిగిన వాడు ఒక్కడూ లేడు. పేరు మాత్రం హైదరాబాద్. బయటి వాళ్ళు ఆడకూడదని మా ఉద్దేశం ఎంతమాత్రం కాదు. గోవా కట్టిమని మనకు కప్పు తెచ్చి పెట్టాడు, అతనికి చేతులెత్తి మొక్కాలి. మా ప్రశ్న వేరు. మన పిల్లలు ఎక్కడ ఆగిపోయారు?

ఎందుకంటే ఒకప్పుడు ఆగలేదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్, ఒకప్పటి బడి పంతులు. భారత జట్టుకూ ఆయనే కోచ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచిన జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరామ్ - అందరూ హైదరాబాద్ ఆటగాళ్ళే. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చినప్పుడూ కోచ్ రహీమ్ సాబే. మరుసటి ఏడే క్యాన్సర్‌తో కన్నుమూశారు.

ఇందులో బలరామ్ కథ మనకు కావలసింది. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పేద ఇంట్లో పుట్టాడు. రహీమ్ సాబ్ కన్ను అతని మీద పడింది. హైదరాబాద్ వచ్చి ఆడమన్నాడు. రోజూ వచ్చిపోవడానికి డబ్బుల్లేవన్నాడు కుర్రవాడు. సైకిలు కిరాయికి రహీమ్ సాబే డబ్బులిచ్చాడు. ఆ సైకిలు అమ్ముగూడ నుంచి మెల్‌బోర్న్ దాకా పోయింది! బలరామ్ గారు 2023లో చనిపోయినప్పుడు పత్రికలు ఆయన గోల్స్ గురించి రాశాయి. మాకైతే ఆ సైకిలు కిరాయే పెద్దదిగా కనబడుతున్నది.

ప్రతిభ ఉంటే ఎవడినీ ఆపలేరని వేదికల మీద చెబుతుంటారు. మేము దీన్ని నమ్మం. ప్రతిభను ఆపడానికి ముప్పై రూపాయల బస్సు కిరాయి చాలు. మా బ్యాచ్‌లో ఒకడు ఎడమ కాలితో బంతి కొడితే గోడకు పెచ్చులూడేవి. జోనల్ సెలక్షన్‌కు పేరు వచ్చింది. పోయి రావడానికి కిరాయి, కాళ్ళకు బూట్లు, రెండు రోజుల తిండి - ఈ మూడూ ఎవరు చూడాలో ఏ కాగితంలోనూ రాసి లేదు. అడిగిన చోటల్లా ఇంకో చోట అడగమన్నారు. సెలక్షన్ రోజు వాడు మాతో పాటే స్టడీ అవర్‌లో కూర్చున్నాడు. ఇప్పుడు డీసీఎం నడుపుతున్నాడు, మంచిగానే బతుకుతున్నాడు. మ్యాచ్ మళ్ళీ చూసిన రోజు వాడూ మాతో ఉన్నాడు. "మన పిలగాడు ఎవడురా" అని అడిగింది వాడే.

దారి ఖర్చు ఎవరో ఒకరు పెట్టుకుంటే ఏమవుతుందో మన కళ్ళ ముందే ఉంది. సంక్షేమ గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణ 2014లో ఎవరెస్ట్ ఎక్కింది. అదే నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య ఫుట్‌బాల్‌లో దేశానికి ఆడుతూ, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్‌కు పోయింది. మగపిల్లలం మనమే వెనకబడ్డాం, కొంచెం సిగ్గుపడదాం.

ఇంకో చేదు సంగతి. ఆ గెలిచిన జట్టు ఇప్పుడు హైదరాబాద్‌లో లేదు. ఆటగాళ్ళకు జీతాలు అందలేదని పత్రికల్లో వచ్చింది, ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. 2023-24 సీజన్‌లో 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచి మళ్ళీ అట్టడుగున నిలిచింది. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. అభిమానులుగా మాకు ఏడుపు వచ్చింది, నిజమే. కానీ ఆ జట్టు వేళ్ళు మన బస్తీల్లో, మన బడుల్లో దిగి ఉంటే అంత తేలికగా పెకిలించుకుపోగలిగేవాళ్ళా? రహీమ్ సాబ్ జట్టు ఆటగాళ్ళు అమ్ముగూడ వంటి చోట్ల నుంచి వచ్చారు కాబట్టి, ఆ జట్టు పోయినా దాని కథ ఇక్కడే ఉండిపోయింది.

కాబట్టి పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక మనవి. ప్రతి వార్షికోత్సవానికి మీరు గోడ గడియారాలు, ఫ్యాన్లు, పేరు చెక్కించిన స్టీలు డ్రమ్ములు ఇస్తున్నారు. మెస్ హాల్లో ఇప్పటికే మూడు గడియారాలున్నాయి, మూడూ మూడు టైములు చూపిస్తాయి. ఈసారి గడియారం వద్దు. సెలక్షన్‌కు పోయే పిల్లవాడికి కిరాయి, బూట్లు, దారిలో భోజనం - వీటి కోసం కొంత సొమ్ము పెట్టండి. ఏ ఆటకైనా సరే. కబడ్డీ వాడు పోయినా, ఖోఖో ఆడే చెల్లె పోయినా ఇవ్వాలి. లెక్క పెద్ద తరగతి పిల్లలే పుస్తకంలో రాయాలి, వార్డెన్ సారు సంతకం పెట్టాలి.

మా ఇళ్ళల్లో డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్ళం మేము. మా ఫెలోషిప్‌లు ఎప్పుడు పడతాయో బ్యాంకు వాడికే తెలియదు. అయినా తలా రెండు వందలు వేశాం, డీసీఎం మిత్రుడు ఐదు వందలు వేశాడు. మొత్తం పదిహేను వందలు పీఈటీ సారు దగ్గర ఉన్నాయి. పుస్తకం మొదటి పేజీలో ఆ లెక్క రాసి ఉంది, రెండో పేజీ ఖాళీగా ఉంది. వచ్చే నెల జిల్లా సెలక్షన్లు. పేరు వచ్చిన తమ్ముళ్ళు ముందు రోజు సాయంత్రంలోగా సారును కలవండి, మొహమాటపడకండి.