చచ్చినట్లు పడియుండు పురుగు



అమెరికా దేశపు అరిజోనా, కాలిఫోర్నియా రాష్ట్రములలోను, మెక్సికో ఉత్తర భాగములోను సోనోరా అను పెద్ద ఎడారి ఉన్నది. ఆ ఎండలో అంగుళము కంటె కొంచెము చిన్నదైన నీలిరంగు పెంకుపురుగు ఒకటి బ్రదుకుచున్నది. శాస్త్రజ్ఞులు దానికి ఆస్బోలస్ వెర్రుకోసస్ అని పేరు పెట్టిరి.

నిజమునకు ఆ పురుగు నల్లనిదే. గాలి బాగా పొడిగా ఉన్నప్పుడు దాని ఒంటిమీది బొడిపెల నుండి సన్నని మైనపు పోగులు వచ్చి దేహమును కప్పును. నీలముగా కనబడునది ఆ మైనమే. ఒంటిలోని తేమ ఆరిపోకుండ అది కాపాడును.

ఎండ నుండి కాపాడుటకు మైనమున్నది. మరి శత్రువు నుండి? కుట్టుటకు దానికి ముల్లు లేదు. రెక్కలమీది పెంకులు అతుక్కొని యుండుటచేత ఎగురలేదు. కాబట్టి ఏదైన తాకగానే వెల్లకిల పడి, కాళ్లు బిగదీసికొని, కట్టెవలె ఉండిపోవును. కదలు దానినే పట్టి తిను ప్రాణులు అనేకము. కదలిక ఆగినప్పుడు వాటిలో కొన్ని విడిచి వెళ్లిపోవును. ఆపద తొలగిన తరువాత మన పురుగు మెల్లగా తిరగబడి, లేచి తన దారిన పోవును.

ఈ ఉపాయము నిజముగా ప్రాణము కాపాడునా? జపాను శాస్త్రజ్ఞులు ఈ సంగతి పరీక్షించి 2004లో ప్రకటించిరి. వారు తీసికొన్నది ఎడారి పురుగును కాదు. దాని కుటుంబమునకే చెందిన, మన పిండి డబ్బాలలో కనబడు చిన్న ఎర్రపురుగును. చాలసేపు పడియుండు వాటిని, త్వరగా లేచు వాటిని తరతరములు వేరువేరుగా పెంచి, గెంతి పట్టు సాలెపురుగు ముందు విడిచిరి. చాలసేపు పడియున్నవే ఎక్కువగా బ్రదికినవి. అయితే దీనికి వెల కూడ ఉన్నది. అట్టి జాతి మగపురుగులు తక్కువగా తిరుగును గనుక వాటికి జత దొరకుట తక్కువని 2010లో వెల్లడియైనది. పడియుండుట మేలే గాని, ఎల్లకాలము పడియున్నచో వంశము నిలువదు.

తల్లులారా, ఇందులో మన ఇంటికి పనికివచ్చు మాట ఒకటి ఉన్నది. పిండి జల్లించునప్పుడు జల్లెడలో కదలక మిగిలిన ఎర్రపురుగులను చూచి, చచ్చినవని అనుకొందుము. బియ్యములోని ముక్కుపురుగు సహితము తాకగానే కాళ్లు ముడుచుకొని నలుసువలె పడియుండును. వాటిని గుమ్మము పక్కనే దులిపి లోపలికి వచ్చితిమా, కొంతసేపటికి అవి లేచి నడచును. మరల మన గింజలనే వెదకికొనును. అందుచేత జల్లించిన చెత్తను కోళ్లకైనను వేయండి, వేడినీళ్లలోనైనను పోయండి. ఏడాది తిండిగింజలు దాచుకొను ఇంటిలో, కదలని పురుగును చచ్చినదని నమ్మరాదు.