ముందు మీవాణ్ణి ఆపండి

ఆడవాళ్లు మన గ్రూపుల్లో ఎందుకు మాట్లాడరని అడుగుతున్నారు. సాహిత్యం గ్రూపుల అడ్మిన్లు, రాజకీయ పేజీలవాళ్లు, సినిమా చర్చలు పెట్టేవాళ్లు అందరూ అడుగుతున్నారు. నోరు తెరిచిన ఆడమనిషికి ఏం జరుగుతోందో రోజూ కళ్లారా చూస్తూ అడుగుతున్నారు. సినిమా బాగాలేదని మగవాడు రాస్తే అతనికి టేస్టు లేదంటారు. అదే ముక్క ఆమె రాస్తే డీపీ లాక్కొచ్చి ఆమె రంగు, ఒళ్లు, కులం, పెళ్లి కాకపోతే ఎందుకు కాలేదో, అయితే ఎందుకు నిలవలేదో, అన్నిటిమీదా తీర్పు చెబుతారు. సినిమా ఊసు ఎవరికీ గుర్తుండదు.

ఆమెకు మీరిచ్చే సలహా ఒక్కటే. "పట్టించుకోకమ్మా, బ్లాక్ చేసెయ్." బ్లాక్ చేస్తే ఆ తిట్టినవాడు ఆమెకు కనబడడు, సరే. మీకు కనబడుతూనే ఉన్నాడుగా! మీ పోస్టు కిందే ఉన్నాడు, మీ లైకుల మీదే బతుకుతున్నాడు. వాణ్ణేం చేశారు?

ముక్కూమొహం తెలియని ఫేక్ ఐడీల పని ఇదంటారు. కాదు. 2023 నవంబరులో రష్మిక మందన్న డీప్‌ఫేక్ మీద దేశమంతా గగ్గోలు పెట్టింది. ఎవరో యువతి వీడియోకు ఆమె ముఖం అతికించారు. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు మన గుంటూరు జిల్లాకు వచ్చి ఒక కుర్రాణ్ణి అరెస్టు చేశారు. ఆమెకు శత్రువు కాదు, ఆమె పేరు మీదే ఫ్యాన్ పేజీ నడిపేవాడు. ఫాలోవర్ల కోసమే చేశాడని పోలీసులు చెప్పారు. రెండు వారాల్లో ఆ ఫాలోవర్లు 90 వేల నుంచి లక్షా 8 వేలకు పెరిగారని కూడా చెప్పారు. ఆ కొత్త 18 వేల మందిని ఏ పోలీసూ అడగడు. నేను అడుగుతున్నాను. అందులో మీరున్నారా?

ఇక పార్టీలు. 2021 నవంబరులో అసెంబ్లీలో తన భార్యను కించపరిచారని చంద్రబాబు నాయుడు విలేకరుల ముందు ఏడ్చారు. ఆ ఏడుపును మీమ్ చేసి నవ్వుకున్నవాళ్లకు సిగ్గు లేదు. కానీ ఆరోజు ఉడికిపోయినవాళ్లు అవతలి నాయకుల ఇంటి ఆడవాళ్ల మీద బూతులు పడ్డప్పుడు ఎక్కడున్నారు? వై.ఎస్. షర్మిలనే చూడండి. తన మీద పుట్టించిన పుకార్ల గురించి 2019 జనవరిలో హైదరాబాద్‌లో పోలీసులకు ఫిర్యాదు చేసినప్పుడు ఆమె తెలుగుదేశాన్ని తప్పుపట్టారు. అన్న జగన్‌తో విడిపోయాక అదే బురద అన్న పార్టీ సోషల్ మీడియా నుంచి వస్తోందన్నారు. జెండా మారింది, బూతు మారలేదు.

ఆపడం చేతకాదనకండి. 2025 ఏప్రిల్‌లో జగన్ భార్య వై.ఎస్. భారతి గురించి నీచంగా వాగిన సొంత కార్యకర్తను తెలుగుదేశం సస్పెండ్ చేసింది. పోలీసులు అరెస్టూ చేశారు. మనసుంటే అవుతుంది. ప్రతి పార్టీలో, ప్రతి హీరో అభిమాన సంఘంలో, ప్రతిసారీ ఎందుకు అవదు? ఆ బూతులవాడు ఎన్నికలప్పుడు, సినిమా రిలీజప్పుడు పనికొస్తాడు గనక.

భావప్రకటనా స్వేచ్ఛ అంటారా? 2015లో సుప్రీంకోర్టు ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్ను కొట్టేసినప్పుడు సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. మాట నచ్చలేదని మనిషిని జైల్లో పెట్టకూడదు. కానీ వాణ్ణి మీ గ్రూపులో కూర్చోబెట్టుకోమని ఆ తీర్పులో ఎక్కడుంది? మీరు వాణ్ణి ఉంచారంటే అది వాడి స్వేచ్ఛ కాదు, మీ ఇష్టం. మార్ఫింగ్ బొమ్మ మీద బాధితురాలు ఫిర్యాదు చేస్తే కంపెనీ 24 గంటల్లో తీసెయ్యాలని 2021 ఐటీ నిబంధనలు చెప్పాయి; 2026లో ఆ గడువును రెండు గంటలకు తగ్గించారు. ఆ రెండు గంటల్లోనే స్క్రీన్‌షాట్ ఆమె ఊరి వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగొస్తుంది. అడ్మిన్‌కు పట్టేది అర నిమిషం.

మీ గ్రూపులో వాడెవడో మీకు తెలుసు. ఈ వ్యాసం మొదలుపెట్టినప్పుడే వాడి పేరు మీకు తట్టింది. ఇవాళే తీసెయ్యండి. గుట్టుగా కాదు, ఎందుకు తీశారో గ్రూపులోనే అందరికీ కనబడేలా రాయండి. వాడి వెనక పదిమంది అలిగి వెళ్లిపోతారు, పోనివ్వండి. మిమ్మల్నీ బూతులు తిడతారు. ఆమె ఇన్నాళ్లుగా ఒంటరిగా పడ్డ తిట్లే, మీరూ కాసిని పడండి.