కూతురికి పెట్టిన మగపేరు



కడపకు, కమలాపురానికి నడుమ వల్లూరు ఉంది. మనలో చాలామంది బస్సు కిటికీలోంచి చూసి దాటిపోయిన ఊరే. ఏడు వందల ఏండ్ల క్రిందట కాయస్థ వంశపు నాయకులు ఆ ఊరిని రాజధానిగా చేసుకొని, ఓరుగల్లు కాకతీయులకు సామంతులుగా ఈ సీమను ఏలారు. వారిలో అంబదేవుడు 1272 ప్రాంతంలో అధికారానికి వచ్చి, తరువాత ఓరుగల్లు మీదనే తిరగబడ్డాడు. అప్పుడు ఓరుగల్లు సింహాసనం మీద ఉన్నది ఒక స్త్రీ. ఆమే రాణి రుద్రమదేవి. ఈ నెల ఆమెను గూర్చి వ్రాయదలచాము. తెలంగాణ కథ మనకెందుకని అనుకోవద్దు. ఆ కథ ముగింపులో మన కడప సీమకు పెద్ద పాత్రే ఉంది.

రుద్రమ తండ్రి గణపతిదేవుడు 1199లో పట్టానికి వచ్చి అరవై ఏండ్లకు పైగా రాజ్యమేలాడు. వారసుడుగా కొడుకు లేడు. కొడుకు లేని రాజులు దాయాదుల బిడ్డను దత్తు తెచ్చుకోవడం, లేకుంటే అల్లుడిని పైకి తేవడం లోకంలో ఉన్న పద్ధతి. నిడదవోలు చాళుక్య వంశపు వీరభద్రుడు అల్లుడుగా ఉండనే ఉన్నాడు. గణపతిదేవుడు మాత్రం కూతురినే ఎన్నుకున్నాడు. ఎన్నుకొని ఊరకుండలేదు. తాను బ్రదికి ఉండగానే, 1259 ప్రాంతం నుండి ఆమెను తనతో కూడ కూర్చుండబెట్టి పాలన నేర్పాడు. 1262 నాటికి రాజ్యభారం ఆమె చేతికి వచ్చింది. ఆయన ఇంకొక కుమార్తె గణపాంబ కూడా భర్త మరణించిన తరువాత ధాన్యకటకం వైపు కోట వంశపు సీమను తానే పాలించింది. ఒక తండ్రి కడుపున పుట్టిన ఇద్దరు ఆడపిల్లలు రెండు సీమలను ఏలారంటే అది కాకతాళీయం కాదు, ఆ ఇంటి పెంపకం అని మా అభిప్రాయం.

అయితే ఆ తండ్రి కూడా ఒక పని చేయక తప్పలేదు. కూతురికి రుద్రదేవ మహారాజు అని మగపేరు పెట్టాడు. శాసనాలలో ఆమెను అనేకచోట్ల ఆ పేరుతోనే చెక్కారు. స్త్రీ పేరున ఆజ్ఞ వెలువడితే సామంతులు తలవంచరని కాబోలు. మనమూ నేటికి అదే మాట వేరే విధంగా అంటున్నాము. చురుకైన ఆడపిల్లను చూసి "మా అమ్మాయి మగపిల్లాడితో సమానం" అని మురిసిపోతాము. మెచ్చుకొనుటకు కూడా ఆ బిడ్డను మగవానిగా మార్చవలసి వస్తున్నది!

ఇటలీ దేశపు వర్తకుడు మార్కో పోలో 13వ శతాబ్దం చివర మన కోస్తాలోని మోటుపల్లి రేవును గూర్చి వ్రాస్తూ, ఆ రాజ్యాన్ని ఏలిన రాణి న్యాయమును, సమాధానమును ప్రేమించినదని, ప్రజలు ఆమెను ఎంతో ప్రేమించారని చెప్పాడు. కాని ఆమె చనిపోయిన రాజుగారి భార్య అని వ్రాశాడు. కూతురు అనే సంగతి ఆయనకు తోచలేదు. ఆ పొరబాటు వలన ఆమె గణపతిదేవుని భార్య అని కొంతకాలం చరిత్ర వ్రాసిన వారు కూడా తలంచారు. శాసనాలు చదివిన తరువాతనే నిజం తేటపడింది.

ఆమె పాలన పూలపాన్పు కాదు. స్త్రీకి లోబడడం అవమానమని కొందరు ఎదురు తిరిగారు. రేచెర్ల ప్రసాదిత్యుని వంటి వారు అండగా నిలిచారు. దేవగిరి యాదవ రాజు మహాదేవుడు దండెత్తి వస్తే ఆమె తిప్పికొట్టింది. తండ్రి మొదలుపెట్టిన ఓరుగల్లు రాతికోటను ఆమె పూర్తి చేసింది.

వీటన్నిటికంటె మమ్మును ఆకర్షించినది గుంటూరు సీమలోని మల్కాపురం శాసనం. అది 1261 నాటిది. తండ్రి ఇస్తానన్న మందడం గ్రామాన్ని, దానితో వెలగపూడిని రుద్రమ విశ్వేశ్వర శివాచార్యులనే శైవ గురువుకు ధారపోసింది. నేడు రాష్ట్ర సచివాలయం ఉన్న వెలగపూడి అదే. ఆ ఊళ్ల ఆదాయాన్ని మూడు భాగాలు చేశారు. ఒక భాగం గుడికి. ఒక భాగం మఠానికి, చదువుకొనే విద్యార్థులకు. మూడవ భాగం అన్నసత్రానికి, ఆరోగ్యశాలకు, ప్రసూతిశాలకు. కాన్పుల ఇల్లు! మా చిన్నతనంలో కూడా మన పల్లెల్లో నొప్పులు పడుతున్న తల్లిని ఎద్దుల బండి మీద పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోయేవారు. దారిలోనే కన్నుమూసిన తల్లులున్నారు. ఏడున్నర శతాబ్దాల క్రిందటే ప్రసూతిశాలకని ఒక వాటా రాతి మీద వ్రాయించారంటే, ఆ ఏర్పాటు కనుల్లో స్త్రీ ప్రాణానికి ఒక లెక్క ఉందన్నమాట. ఆమె శివభక్తురాలు, మన విశ్వాసం వేరు. అయినను అన్యుడైన కోరెషు రాజు చేత మేలు చేయించిన దేవుడు ఈమె చేత చేయించిన మేలును మనము కాదనజాలము.

ఆమె కడవరి దినములు ఎలా గడిచాయో చాలాకాలం ఎవరికీ తెలియదు. నల్గొండ సీమలోని చందుపట్లలో ఒక శాసనం బయటపడింది. 1289 నవంబరు నాటిది. పువ్వుల ముమ్మడి అనే సేవకుడు రుద్రమదేవికిని, ఆమె సేనాని మల్లికార్జున నాయకునికిని పుణ్యంగా భూమి దానమిచ్చి, వారిద్దరూ మరణించిన సంగతి అందులో చెప్పాడు. మరుసటి యేడు, 1290లో, అంబదేవుడు త్రిపురాంతకంలో తన విజయాలను గొప్పగా చెక్కించుకున్నాడు. (ఆ త్రిపురాంతకం 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే వరకు మన కర్నూలు జిల్లాలోనిదే.) ఈ రెండు రాళ్లను కలిపి చదివిన చరిత్రకారులు, వయసు మళ్లిన రాణి అంబదేవునితో జరిగిన యుద్ధంలోనే మరణించిందని భావిస్తున్నారు. ఆమె తరువాత పట్టం కుమార్తె ముమ్మడమ్మకు కాక, ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రునికి పోయింది. తానే కూతురై రాజ్యం పొందిన తల్లి కూడా తన కూతురిని దాటి మనవడిని ఎన్నుకున్నది. ఇది మాకు కొంచెం బాధ కలిగించే సంగతి.

ఇంత చరిత్ర ఎందుకు వ్రాశామంటే, జమ్మలమడుగు వైపు నుండి ఒక సహోదరి మాకు ఉత్తరం వ్రాశారు. పేరు, ఊరు వేయవద్దన్నారు. వారి ఊరి సర్పంచి స్థానం ఆడవారికి వస్తుందని అనుకుంటున్నారట. ఊరివారు ఆమెను నిలబడమంటున్నారు. భర్త "నీవు పేరుకు ఉండు, పని నేను చూసుకుంటాను" అన్నాడు. సంఘ పెద్ద ఒకరు తిమోతికి వ్రాసిన పత్రిక చూపించి, స్త్రీ అధికారం చేయరాదని ఆపుతున్నారు. ఏమి చేయమంటారని ఆమె ప్రశ్న.

పెద్దగారు చూపిన మాట సంఘారాధనలో క్రమమును గూర్చినది. అదే బైబిలులో న్యాయాధిపతుల గ్రంథమున్నది. లప్పీదోతు భార్య దెబోరా చెట్టు క్రింద కూర్చుండగా ఇశ్రాయేలీయులు తీర్పుకై ఆమె యొద్దకు పోయేవారు. మన ఊరి రచ్చబండ వంటిదే అది. బారాకు అంతటి సేనాధిపతి ఆమె రానిదే యుద్ధానికి కదలనన్నాడు. ఆమెకు మగపేరు ఎవరూ పెట్టలేదు. ఆమె తన్ను తాను తల్లి అనే చెప్పుకొన్నది. ఇక సంఘములో సంగతి అంటారా, 2013లో దక్షిణ ఇండియా సంఘము తన మొదటి స్త్రీ బిషప్పును అభిషేకించినది మన నంద్యాల డయాసిస్‌కే. ఎగ్గోని పుష్పలలిత గారు. ఆ రోజు ఆకాశమేమీ విరిగి మీద పడలేదు.

భర్తగారి మాటే మాకు ఎక్కువ బరువుగా తోస్తున్నది. 1992లో 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో స్త్రీలకు మూడవ వంతు స్థానాలు ఇచ్చింది. 2011లో మన రాష్ట్రం దానిని సగానికి పెంచింది. అయినా సమావేశానికి భర్త వస్తాడు, కుర్చీలో భర్త కూర్చుంటాడు, ఆమె ఇంటిలో సంగటి కెలుకుతూ ఉండగా కాగితాలు సంతకానికి వస్తాయి. రుద్రమకు పేరు మగవానిది, పని ఆమెది. మనవారికి పేరు ఆడవారిది, పని మగవారిది. ఈ రెండింటిలో ఏది అధ్వాన్నమో పాఠకులే ఆలోచించండి.

మన మందిరాలలో మాత్రం? స్త్రీల సమాజం వారు పిడికెడు బియ్యం తీసి డబ్బు పోగుచేస్తారు. ఆ డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో కమిటీలోని మగవారు తీర్మానిస్తారు. ఇండ్లలో మాత్రం? వీలునామా వ్రాయకుండా తండ్రి మరణిస్తే క్రైస్తవ కుటుంబంలో కొడుకుకును, కూతురికిని సమాన భాగమని 1925 నాటి భారత వారసత్వ చట్టం చెబుతున్నది. సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు మోషే ఎదుట నిలిచి అడిగి పొందిన హక్కు అది. కాని మన చెల్లెండ్రు అన్న ఎదుట నిలువలేక, పెండ్లికి పెట్టిన ఖర్చే వాటా అనుకొని వేలిముద్ర వేసి వస్తున్నారు.

సహోదరీ, నామినేషను వేయండి. వేయకముందే భర్తతో కూర్చొని ప్రార్థించి, రెండు సంగతులు తేల్చుకోండి. సమావేశానికి మీరే పోవాలి. చదవనిది ఏదియు సంతకం చేయకూడదు. మీరు ఏడవ తరగతితో చదువు మానినట్టు వ్రాశారు. పంచాయతీ కాగితాలు మీకు చదివి చెప్పుటకు డిగ్రీ చదువుతున్న మీ కుమార్తె ఇంటిలోనే ఉన్నది, వాడుకోండి. మీ సంఘ పెద్దగారికి మేము వేరుగా ఉత్తరం వ్రాశాము.

వచ్చే నెల అపొస్తలుల కార్యములలోని ఐతియొపీయుల రాణి కందాకేను గూర్చి.